నిబ్బరం బిళ్ల

మీరే చేశారు. ఇంకెవరి మీదకీ తోసెయ్యకండి. మరుగుదొడ్డికి నాలుగు గోడలు లేపడానికి మీకు ఇటుకలు దొరకలేదు. ఆడమనిషి ఒంట్లో, కంటికి కనపడని కణం గోడకి, తలుపులు బార్లా తెరిచి మేకులు కొట్టడానికి మాత్రం మందు దొరికింది. రొయ్యల కంపెనీ యజమానులారా, మందుల కంపెనీ డైరెక్టర్లారా, ఏడాదికోసారి వచ్చి మేనేజరు గదిలో కాఫీ తాగి, షెడ్డులోకి తొంగి కూడా చూడకుండా సంతకం గీకి పోయే ఇన్‌స్పెక్టర్లారా, ఇది మీకే చెబుతున్నాను. కూర్చుని వినండి. మేం పగలంతా నిలబడి పనిచేశాం, మీరు కాసేపు కూర్చుని వినలేరా?

గెడ్డవానిపాలెంలో సముద్రం ఒడ్డున ఉంది మా జలధి మెరైన్ షెడ్డు. రొయ్య తల తుంచడం, పొట్టు ఒలవడం, వీపు మీద నల్లనరం లాగడం మా పని. చేతులు ఐసు నీళ్లలో, కాళ్లు గమ్‌బూట్లలో, నెత్తికి టోపీ, మూతికి గుడ్డ. షెడ్డు నిండా ఆడవాళ్లమే. మరుగుదొడ్డి మాత్రం ఒక్కటి, అదీ ఫ్రీజరు గదుల వెనకాల. అక్కడికి పోవాలంటే బూట్లు విప్పాలి, ఏప్రాన్ విప్పాలి. తిరిగొచ్చేటప్పుడు క్లోరిన్ తొట్టిలో కాళ్లు ముంచాలి, మోచేతుల దాకా తోముకోవాలి. బల్లకి ఒకటే ఎర్ర ప్లాస్టిక్ టోకెను. అది మెడలో వేసుకున్న మనిషే కదలాలి. ఆమె వచ్చి తీసిస్తేనే ఇంకొకతె. ఈలోగా ఎవరెంత ఒలిచారో చూపించే గోడ మీది తెరలో ఆమె పేరు పక్కన పచ్చగా ఉన్న గీత ఎర్రబడిపోతుంది.

అందుకని మేం నీళ్లు తాగడం మానేశాం. కొత్తగా చేరిన పిల్లకి రొయ్య పట్టుకోవడం కన్నా ముందు నేర్పేది ఇదే. పొద్దున్నే గుటక కూడా ముట్టకు. బస్సెక్కే ముందు ఎండు ఉసిరిముక్క బుగ్గన పెట్టుకో. నోట్లో నీరూరుతుంది, దాహం మోసపోతుంది. మా వైపు షెడ్డు పనికి పోయే కోడలికి అత్త ఇచ్చే మొదటి సామాను, ఉప్పేసి ఎండబెట్టిన ఉసిరిముక్కల డబ్బా. గాజులు తరవాత. మా అందరి నడుముల్లోనూ రాళ్లే, ఒంటికెళితే అందరికీ మంటే. దాన్ని జబ్బని ఎవరం అనుకోలేదు. ఆడపుట్టుక అనుకున్నాం.

బంగారి నా తమ్ముడి పెళ్లాం. షెడ్డులో అంత వేగంగా ఒలిచే చెయ్యి ఇంకోటి లేదు. నోరు అంతకన్నా వేగం. నేను సంఘం పేరెత్తి అరుస్తుంటే అందరికన్నా ముందు ఎగతాళి చేసేదీ అదే, అందరికన్నా ముందు చందా ఇచ్చేదీ అదే.

వేసవి మొదట్లో ఒకరోజు మేనేజరు సుదర్శనం మైకు పట్టుకుని షెడ్డులోకి వచ్చాడు. వెనకాల ఇద్దరు కుర్రాళ్లు అట్టపెట్టెలు మోసుకొచ్చారు. పెట్టెల మీద నవ్వుతున్న ఆడమనిషి బొమ్మ, కింద 'నిబ్బరం' అని పెద్ద అక్షరాలు.

"ఇది మందు కాదమ్మా, మహిళా సంక్షేమం," అన్నాడు. "పొద్దున్న ఒక బిళ్ల వేసుకుంటే షిఫ్టు అయ్యేదాకా ఒంటికెళ్లే పనే ఉండదు. ఇంక హాయిగా నీళ్లు తాగండి. ఎండాకాలం, ఆరోగ్యం చూసుకోవాలి కదా! ఆ టోకెను గొడవే వద్దు."

"మరి ఆ తాగిన నీల్లన్నీ ఏటైపోతాయి బాబూ?" అనడిగాను.

"ఒంట్లోనే ఉంటాయి. ఒంటికి చల్లదనం."

నేను ఇంకో మాట అనబోతే బంగారి మోచేత్తో పొడిచింది. "మా వొదినకి మంచి సేసినా అనుమానమే బాబూ. దేవుడొచ్చి వరమిస్తే రసీదు అడుగుతాది."

షెడ్డంతా నవ్వింది. అందరం బిళ్ల వేసుకున్నాం.

అప్పుడు మా షెడ్డుని చూడాల్సింది మీరు. పండగలా ఉండేది. భోజనాల వేళ సీసాలకి సీసాలు నీళ్లు. ఇంటి దగ్గర్నుంచి మజ్జిగ, గేటు బయట చెరుకురసం, ఐసుపెట్టెలో దాచిన తాటిముంజలు. ఉసిరి డబ్బాలు ఇంట్లో చూరుల్లోకి ఎక్కేశాయి. ఏళ్ల తరబడి ఎండిన పెదాలు తడిగా మెరుస్తుంటే ఒకరినొకరం చూసుకుని సిగ్గుపడేవాళ్లం. బంగారి అయితే నీళ్ల పందెం మొదలెట్టింది. బల్లకొకతె నిలబడి, గుక్క తిప్పుకోకుండా ఎవరు ఎక్కువ తాగితే వాళ్లు ఆరోజు బస్సులో ముందు సీటు. రోజూ గెలిచేది అదే.

"ఇంకెంత తాగుతావే, అది కడుపా కల్లుకుండా?" అన్నాను.

మూతి తుడుచుకుంటూ నవ్వింది. "తాగనీ వొదినా. ఇన్నేళ్లూ ఎండు సేపలాగ బతికీసినాను. ఇప్పుడిప్పుడే పచ్చి సేపనౌతన్నాను."

ఆ బిళ్ల పుట్టింది మా కోసం కాదు. విశాఖపట్నంలో ఒక మందుల కంపెనీ ప్రయోగశాలలో, డాక్టర్ మృణాళిని అనే ఆవిడ తన కూతురి కోసం చేసింది. ఆ పిల్ల పేరు కేతకి. కాలేజీలో చదువుతోంది. పుట్టుకతోనే ఒక జబ్బు. తాగిన నీళ్లు ఒంట్లో నిలవవు, తాగినవి తాగినట్టే పోతాయి. బడికి పుస్తకాల సంచీతో పాటు నీళ్ల క్యాను మోసుకుని వెళ్లిన పిల్ల. సినిమాకెళ్లదు, బస్సెక్కదు, ఒక పాఠం మొత్తం కూర్చుని వినదు. దాహం, పరుగు, మళ్లీ దాహం. మాకు టోకెను లేక, దానికి టోకెను చాలక.

మూత్రపిండంలో సన్నటి గొట్టాలుంటాయి. వాటి గోడలు కణాలతో కట్టినవి. ఒక్కో కణం పొరలో నీటికోసమే చిన్న చిన్న తలుపులు. మనుషులు రేషన్ దుకాణం ముందు నిలబడ్డట్టు నీటి బిందువులు ఒకదాని వెనక ఒకటి ఆ తలుపుల్లోంచి దూరి తిరిగి రక్తంలోకి వచ్చేస్తాయి. ఒంటికి నీళ్లు కావాలంటే కణం ఆ తలుపుల్ని పైకి తెస్తుంది. నీళ్లు ఎక్కువైతే లోపలికి లాగేసుకుంటుంది, అప్పుడు మిగిలిన నీళ్లు బయటికి పోతాయి. కేతకి కణాలకి తలుపులు పైకి తేవడం రాదు. మృణాళిని చేసిన మందు వాటిని పైకి తెచ్చి, పగలంతా కదలకుండా అక్కడే పట్టి ఉంచుతుంది.

మొదటిసారి ఆ బిళ్ల వేసుకున్న రోజు కేతకి తల్లితో కలిసి బస్సులో భీమిలి దాకా పోయి, ఇసుకలో కూర్చుని, మొక్కజొన్న పొత్తు తిని, మళ్లీ బస్సులో వచ్చిందట. అంతే. ఒక్కసారి కూడా లేవలేదు. తల్లీకూతుళ్లు దారంతా ఏడుస్తూ నవ్వుతూ వస్తుంటే కండక్టరు కంగారుపడ్డాడట. అలాంటి రోజు కోసం పుట్టిన బిళ్ల అది.

దానికి మృణాళిని ఒక హద్దు పెట్టింది. ఈ బిళ్ల వేసుకున్నవాళ్లు నీళ్లు కొలిచి తాగాలి, దాహమైతేనే తాగాలి, రక్తంలో ఉప్పు చూపించుకుంటూ ఉండాలి. తలుపులకి మేకులు కొట్టేశాక ఎక్కువైన నీళ్లకి బయటికి దారుండదు కాబట్టి. ఆ మాట కంపెనీ పెద్దలకి గట్టిగానే చెప్పింది. కేతకి లాంటి రోగులు ఎంతమంది? పిడికెడు. షెడ్డుల్లో, మిల్లుల్లో, దుకాణాల్లో పొద్దుట్నుంచీ బిగబట్టుకుని నిలబడే ఆడవాళ్లు ఎంతమంది? లెక్కలేదు. కంపెనీ ఏ వైపు చూసిందో మీరే చెప్పండి. పెట్టె మీద నవ్వే బొమ్మ వేశారు. హద్దు మాట తీసేశారు.

బంగారికి ముందు గాజులు బిగిశాయి. తరవాత గమ్‌బూట్లు ఎక్కలేదు. "ఒళ్లొచ్చిందే నీకు," అని అందరూ ఆటపట్టించారు. అది కూడా నడుం మీద చేయి వేసి తిరిగి చూపించింది. తలనొప్పి అంది, ఎండ అనుకున్నాం.

ఆరోజు పొద్దున్న దాని బల్ల దగ్గర తెర మీద గీత ఎర్రబడింది. దాని గీత ఎప్పుడూ ఎర్రబడదు. సూపర్‌వైజరు అరుస్తూ వచ్చింది. చూస్తే బంగారి రొయ్య ఒలిచి, తలకాయని మంచి బేసిన్‌లో వేస్తోంది, కండని చెత్త తొట్టిలో వేస్తోంది. ఎంతో శ్రద్ధగా, వేగంగా, ఒకదాని తరవాత ఒకటి.

"ఏటే బంగారీ, ఏటి సేస్తన్నావే?" అని భుజం పట్టుకున్నాను.

నా మొహంలోకి చూసింది. కళ్లు నన్ను దాటిపోయాయి. "వొదినా," అంది నవ్వుతూ, "రొయ్యలు నన్ను ఒలిసేస్తన్నాయే."

అంటూనే కక్కింది. అన్నీ నీళ్లే.

అందరం చేసిన పని ఒక్కటే. ఎండదెబ్బ అని నీళ్లు పట్టాం. కంపెనీ డిస్పెన్సరీలో నర్సు కూడా అదే అంది, ఒంట్లో నీరు చాల్లేదు అని గ్లూకోజు సీసా ఎక్కించింది. గ్లూకోజు అంటే ఏమిటి? తీపి నీళ్లు. తీపి ఒంట్లో కరిగిపోతే మిగిలేది నీళ్లే. నిండిన కుండలో ఇంకో బిందె కుమ్మరించారు. సీసా సగం కూడా దిగకముందే బంగారి పళ్లు బిగిశాయి. కాళ్లూ చేతులూ కొట్టుకున్నాయి.

కంపెనీ కారు ఇవ్వమంటే, మేనేజరు గారు బయటికెళ్లాలి అన్నారు. ఐసు వ్యాను ఆపి, ఐసు గట్టున దింపించి, అందులో వేసుకుని విశాఖపట్నం ఆస్పత్రికి తీసుకుపోయాం.

ఆస్పత్రి డాక్టరు రక్తం చూశాడు, తల ఫొటో తీశాడు. "రక్తం నీళ్లలా పల్చబడిపోయిందమ్మా. ఉప్పు అడుగంటింది. ఉప్పు ఎటు ఎక్కువుంటే నీళ్లు అటు పోతాయి. ఇప్పుడు కణాల లోపల ఎక్కువుంది, అందుకని నీళ్లన్నీ కణాల్లోకి దూరుతున్నాయి. చెయ్యి వాస్తే వాచింది, కాలు వాస్తే వాచింది. మెదడు వాస్తే ఎక్కడికి పోతుంది? చుట్టూ ఎముక." ఉప్పు నీళ్లు ఎక్కించడం మొదలెట్టాడు. "కానీ నేను ఎక్కించే ఉప్పునీళ్లలోని నీరు కూడా లోపలే ఉండిపోతోంది. బయటికి చుక్క రావడం లేదు. ఏం మందు మింగింది ఈమె?"

కొంగున ఉన్న బిళ్లల అట్ట తీసి ఇచ్చాను. వెనకాల ప్రయోగశాల ఫోను నంబరు ఉంది. అక్కడే నిలబడి ఫోను చేశాను. ఎవరో ఎత్తి ఇంకెవరికో ఇచ్చారు. ఆడగొంతు.

"మీ బిళ్ల మింగిన మనిసి సచ్చిపోతంది. తయారుసేసినోల్లు ఎవులో ఆల్లని పిలవండి."

"నేనే," అంది ఆ గొంతు. "ఆమెకి జబ్బేంటి?"

"జబ్బేటి? రొయ్యలొలస్తాది."

ఆవిడ మెల్లగా అడిగింది. "నీళ్లు ఎన్ని తాగింది?"

"పందెం కాసి తాగింది తల్లీ. రోజూ గెలిసింది."

ఆవిడ డైరెక్టరు గదిలోకి పోయిందట. అక్కడ జరిగింది కేతకి తరవాత నాకు చెప్పింది. ఆ పిల్ల ఆరోజు రక్తం పరీక్షకి వచ్చి తల్లి దగ్గరే ఉంది. మృణాళిని దగ్గర ఇంకో మందుంది. కొట్టిన మేకుల్ని పీకేది. దానికి 'విడుపు' అని పేరు పెట్టుకుంది. ఎప్పుడైనా కూతురు పొరపాటున ఎక్కువ నీళ్లు తాగేస్తే ఎలా అని తల్లి ప్రాణం భయపడి చేయించిన మందు. ఇంకా కంపెనీ అనుమతి లేదు, అమ్మకానికి లేదు. అది బయటికి తీసుకెళతానంది.

"విరుగుడు ఇచ్చామంటే విషమని ఒప్పుకున్నట్టే," అన్నాడట డైరెక్టరు. "ఆ సీసా గుమ్మం దాటితే నువ్వు కూడా దాటినట్టే. ఆ తరవాత నీ కూతురికి బిళ్లలు ఎవరిస్తారో ఆలోచించుకో."

ఇద్దరూ ప్రయోగశాలకి తిరిగొచ్చారట, మృణాళిని సీసా పట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయిందట. కదిలింది కేతకి. తన టిఫిన్ డబ్బా తెరిచి, దద్దోజనం గిన్నె తీసి బల్ల మీద పెట్టి, ఆ ఖాళీలో సీసా పెట్టి మూత బిగించింది. "పద అమ్మా. అన్నం చల్లారిపోతుంది," అంది. కాపలావాడు డబ్బా చూసి దారి వదిలాడు.

వాళ్లు ఆస్పత్రికి వచ్చేసరికి నేను మనిషిలో లేను. ఆవిణ్ని చూడగానే మీద పడ్డాను. "నీ కూతురు బాగుండడానికి నా మరదల్ని సంపుతావా?" అని అరిచాను.

ఆవిడ తల దించుకుంది. ఆ పిల్ల దించుకోలేదు. "మా అమ్మ నాకోసం చేసింది ఆంటీ. మీకు అమ్మింది వాళ్లు. తిట్టండి, కానీ ముందు ఇది ఇవ్వనివ్వండి. సూది పడ్డాక ఎంత కావాలంటే అంత తిట్టండి, నేను కుర్చీ తెస్తాను."

ఆస్పత్రి డాక్టరు సీసా చూసి వెనక్కి తగ్గాడు. పరీక్షలు పూర్తికాని మందు, ఇంటివాళ్లు ఒప్పుకోవాలి అన్నాడు. నా తమ్ముడు వేటకి సముద్రం మీదికెళ్లాడు. ఫోను అందదు. ఇంటివాళ్లు అంటే నేనే.

"ఇది ఇప్పటిదాకా ఎవులికిచ్చినారు?" అనడిగాను.

"నాకు," అంది కేతకి. "ఒక్కసారే. బతికే ఉన్నాను చూడండి. ఆరోజు నేను పోసిన చప్పుడు విని పక్కింటివాళ్లు మోటారు వేశామనుకున్నారు."

ఏడవాలో నవ్వాలో తెలియలేదు. మృణాళిని నా చెయ్యి పట్టుకుంది. దాచకుండా చెప్పింది. "నా కూతురి ఒళ్లు వేరు, ఈమె ఒళ్లు వేరు. తక్కువైతే తలుపులు మూసుకోవు, మెదడు ఇంకా వాస్తుంది. ఎక్కువైతే నీళ్లన్నీ ఒక్కసారి దిగిపోతాయి. ఉప్పేసిన మామిడిముక్క ఎలా ముడుచుకుంటుందో చూశారుగా, మెదడు అలా ముడుచుకుంటే మనిషి లేచినా మాట రాదు, నడక రాదు. చుక్క చుక్క ఇచ్చి, రక్తం చూసి, మళ్లీ చుక్క ఇవ్వాలి. నాకు కచ్చితంగా తెలియదు రత్నంగారూ. ఇవ్వకపోతే ఏమవుతుందో మాత్రం తెలుసు."

నన్ను 'గారూ' అన్న చదువుకున్న మనిషి ఆవిడే మొదలు. తెలియదు అని ఒప్పుకున్న మనిషి కూడా. "ఇయ్యండి," అన్నాను.

అక్కడ షెడ్డులో మధ్యాహ్నం షిఫ్టు ఆగిపోయింది. ఒకళ్లకొకళ్లు చెప్పుకుని, కంపెనీ బస్సు డ్రైవరుని పట్టుకొచ్చి స్టీరింగు ముందు కూర్చోబెట్టి, మా వాళ్లంతా అదే బస్సులో ఆస్పత్రికి వచ్చేశారు. టోపీలు తియ్యలేదు, గమ్‌బూట్లు విప్పలేదు. ఆస్పత్రి వసారా నిండా రొయ్యల కంపు. సెక్యూరిటీ అతను ముక్కు మూసుకుని అడ్డం వచ్చాడు. "ఇంతమంది కుదరదమ్మా, ఒకరే ఉండాలి."

"ఒక్కరే ఉండడానికి మాకు టోకెను ఏదీ?" అందొకతె. అందరూ నేల మీద కూర్చున్నారు.

లోపల మంచం పక్కన గొట్టం వేలాడుతోంది. దాని చివర సంచీ. అది ఖాళీగా ఉంది. మేం చూడాల్సింది దాన్నే. మనిషి ఊపిరి, గుండె, తెర మీద గీతలు, అవన్నీ డాక్టర్లు చూసుకుంటున్నారు. మేం సంచీ చూస్తున్నాం. మృణాళిని చుక్క ఇస్తుంది. రక్తం తీస్తారు. ఎదురుచూస్తారు. మళ్లీ చుక్క. కేతకి గోడకి ఆనుకుని నేల మీద కూర్చుంది. దాని పక్కన నీళ్ల సీసా ఉంది. ఒక్కసారి కూడా మూత తియ్యలేదు. రేపట్నుంచి తనకి బిళ్ల దొరకదని ఆ పిల్లకి తెలుసు.

"ఇంకాస్త పొయ్యమ్మా, బేగి దిగుతాది," అని గుమ్మంలోంచి ఎవరో బతిమాలారు. మృణాళిని తల అడ్డంగా ఊపింది. చెమట గడ్డం దాకా కారుతోంది, తుడుచుకోలేదు.

బయట దీపాలు వెలిగే వేళకి గొట్టంలో ఏదో కదిలింది. లేత పసుపు. వెనక్కి పోయినట్టు పోయి, ముందుకి వచ్చి, సంచీలో పడింది. ఒక చుక్క. ఇంకో చుక్క. తరవాత సన్నటి ధార.

నేను వసారాలోకి పరిగెత్తాను. గొంతు పగిలేలా అరిచాను. "పోసినాదే! బంగారి పోసినాదే!"

వసారా లేచి నిలబడింది. గమ్‌బూట్లతో నేల అదిరిపోయేలా గెంతారు. టోపీలు పైకెగిరాయి. ఒకరి మెడ ఒకరు పట్టుకుని ఏడ్చారు. ఆ గోలకి సెక్యూరిటీ అతను పరిగెత్తుకొచ్చి, మొహం విప్పార్చుకుని అడిగాడు, "ఎవరు పుట్టారమ్మా? ఆడపిల్లా, మగపిల్లాడా?"

"ఉచ్చ బాబూ, ఉచ్చ!" అన్నాం అందరం ఒక్కసారి.

గుమ్మంలో మృణాళిని కూలబడి ముఖం చేతుల్లో పెట్టుకుంది. కేతకి సీసా మూత తీసి గటగటా తాగింది.

మర్నాడు బంగారి కళ్లు తెరిచింది. పెదాలు కదిలాయి. వంగి చెవి పెట్టాను. "వొదినా... టోకెను... టోకెను ఏదే?"

చావు గుమ్మం దాకా వెళ్లొచ్చిన మనిషి మొదట అడిగింది అది. మొగుణ్ని కాదు, పిల్లల్ని కాదు. మంచంలో ఒంటికి పోసుకున్నందుకు టోకెను అడిగింది. మీరు చేసిన పని అది. మీ గోడల మీద రాసుకోండి.

"టోకెను లేకుండానే పోసీసినావే తల్లీ," అన్నాను. "ఊరంతా సూసింది. పందెం నువ్వే గెలిసినావు."

గెలిచింది, నిజమే. కానీ పూర్తిగా రాలేదు. కుడిచేతి వేళ్లు వణుకుతాయి, రొయ్య నరం లాగలేదు. మాట మధ్యలో పేర్లు జారిపోతాయి. అదే వారం కొత్తరేవు షెడ్డులో సన్నాసమ్మ అనే మనిషి ఇలాగే పడిపోయింది. ఆమె దగ్గరికి విడుపు వెళ్లలేదు. ఎండదెబ్బ అని రాసి ఇంటికి పంపారు, చాపలో చుట్టి.

మృణాళిని ఉద్యోగం పోయింది. ఆవిడ ఇంట్లో కూర్చోలేదు. విడుపు ఎలా తయారుచేయాలో, చుక్క చుక్కగా ఎలా ఇవ్వాలో మొత్తం బయటపెట్టేసింది. ఎవరైనా చేసుకోవచ్చు, ఎవరికీ రుసుము అక్కర్లేదు అంది. కంపెనీ కోర్టు అని బెదిరించింది. ఈలోగా నాలుగు ఊళ్ల ఆస్పత్రులు తయారుచేసుకున్నాయి. బట్టల మిల్లులో ఒక పిల్ల, టోల్‌గేట్ దగ్గర ఒక తల్లి, మాకు పేర్లు కూడా తెలియని వాళ్లు, లేచి కూర్చున్నారు. మందు బయటికొచ్చాక దాన్ని మళ్లీ సీసాలో పెట్టడం ఏ డైరెక్టరు వల్లా కాదు.

షెడ్డులో మాత్రం బిళ్ల ఆగలేదు. "మోతాదు తగ్గించాం, ఇప్పుడేం భయం లేదు," అన్నాడు సుదర్శనం. గేటు దగ్గర నిలబడి ఒక్కొక్కరి నోట్లో వేయించాడు. మేం నోరు తెరిచాం, మూశాం, నవ్వాం. నాలిక కింద పెట్టుకుని లోపలికెళ్లి ఉమ్మేశాం. ఎక్కడికి ఉమ్మాం? చూరుల్లోంచి మళ్లీ దింపిన ఉసిరి డబ్బాల్లోకి. రోజూ కడిగి, ఆరబెట్టి, పోగేశాం. ఆ డబ్బాలన్నీ సంచీలో వేసుకుని మృణాళిని ఇంటికి వెళ్లాను. కేతకి తలుపు తీసింది. మళ్లీ క్యాను మోస్తోంది. కళ్లు లోపలికి పోయాయి.

"ఇయి మాకొద్దు. నీకు కావాల," అని సంచీ చేతికిచ్చాను.

డబ్బా తెరిచి వాసన చూసింది. "ఉసిరికాయ వాసన, రొయ్యల వాసన," అంది.

"మా నోటి ఉమ్ము కూడా ఉంటాదమ్మా. కడిగినాంలే."

ఆ పిల్ల నన్ను పట్టుకుని పగలబడి నవ్వింది. మృణాళిని ఒక్కో బిళ్లా పరీక్ష చేసి, చెడినవి ఏరేసి, మిగిలినవి కొలిచి ఇచ్చింది. ఆదివారం ఇద్దరూ బస్సులో మా ఊరు వచ్చారు. దారిలో ఒక్కసారీ దిగలేదట.

ఆ తరవాత మేం మా పని చేశాం. కంటైనరు లారీ గేటు దగ్గర నిలబడి ఉంది. బల్లల మీద రొయ్యలు గుట్టలు, కింద ఐసు కరుగుతోంది. ఆ పూట ఎవరమూ బిళ్ల నోట్లో పెట్టుకోలేదు, నాలిక కింద కూడా. మజ్జిగ తాగాం, ఉప్పేసుకుని, సరిపడా. పని లేకపోయినా బంగారి వచ్చి గుమ్మం దగ్గర ముక్కాలిపీట మీద కూర్చుంది. అందరికీ ఒంటికి వస్తున్న వేళ చూసి అదే లేచింది.

"నెగండే!" అని అరిచింది.

షెడ్డంతా లేచింది. టోకెన్లన్నీ క్లోరిన్ తొట్టిలో పడేశాం. ఎర్రగా తేలాయి. ఫ్రీజర్ల వెనక్కి పోలేదు. వరసకట్టి, బూట్లతోనే, మేనేజరు గదిలోకి నడిచాం. ఆయనకి అద్దం తలుపుల వెనక, తెల్లపలకల మరుగుదొడ్డి ఉంది.

"ఇది స్టాఫ్ కోసం!" అన్నాడు సుదర్శనం అడ్డంపడి.

"మేమేటి, సుట్టాలమా?" అంది బంగారి. ఆయన్ని పక్కకి జరిపి మొదట అదే వెళ్లింది. గొళ్లెం పెట్టుకుని తీరిగ్గా కూర్చుంది. లోపల్నుంచి పాట కూడా వినిపించింది.

వరస ఆఫీసు చుట్టూ తిరిగి, మెట్లు దిగి, గేటు దాకా సాగింది. చివరి మనిషి వచ్చేదాకా ఎవరమూ బల్ల దగ్గరికి పోలేదు. ఐసు కరిగింది. లారీ ఖాళీగా నిలబడింది. సాయంత్రం అయ్యేసరికి యజమాని దగ్గర్నుంచి ఫోను వచ్చింది. టోకెన్లు రద్దు. బిళ్ల షెడ్డులోకి రాదు. గోడ మీది తెర ఆపేస్తాం. మరుగుదొడ్ల సంగతి స్థలం చూసి పరిశీలిస్తాం.

స్థలం మేమే చూశాం. సుదర్శనం కారు పెట్టుకునే రేకుల షెడ్డు, నీడ ఉంది, నీళ్ల గొట్టం ఉంది, మా బల్లలకి పది అడుగుల్లో ఉంది. కారు పక్కకి తోశాం. ఇల్లు కట్టే ముందు పునాది గీత గీయడానికి పోసే సున్నం ముగ్గు తెచ్చాం. ముగ్గు పళ్లెం బంగారి చేతికిచ్చాను. దాని చెయ్యి వణికింది. గీత వంకరపోయింది. ఎవరో దిద్దబోతే ఆపాను. ఒక గది, పక్కన ఇంకో గది, వరసగా, బల్లకొకటి. కేతకి క్యాను పక్కన పెట్టి వెనకాలే తాడు పట్టుకుని నడిచింది.

యజమానులారా, ఇప్పుడు మీ వంతు. ఏ షెడ్డులో బల్ల ఉందో ఆ బల్లకి మరుగుదొడ్డి కట్టండి, మా దగ్గర ఒక్కచోటే కాదు, కొత్తరేవులోనూ, మిల్లుల్లోనూ, టోల్‌గేట్ల దగ్గరా. తాగే నీళ్లు చెయ్యి చాస్తే అందేలా పెట్టండి. నిబ్బరం బిళ్ల కేతకి లాంటివాళ్లకి, డాక్టరు చీటీ మీద, విడుపుతో కలిపి ఇవ్వండి, ఇంకెవరికీ వద్దు. మృణాళినిని వెళ్లగొట్టిన గుమ్మంలోంచే మళ్లీ పిలవండి. సన్నాసమ్మ ఎండదెబ్బతో పోలేదని, ఆ చాపలో చుట్టిన చేతులతోనే ఒప్పుకోండి. స్థలం లేదని ఇంకోసారి అనకండి. ముగ్గు పోసేశాం, వంకరగా ఉన్నా అక్కడే ఉంది.

ఇటుకలు దింపండి.